నడుం నొప్పితో ఒంగోలు ఫిజియోథెరపీ సెంటర్‌కి తొమ్మిది సార్లు వెళ్ళాక రాస్తున్న రివ్యూ

కర్నూల్ రోడ్డు నుంచి లోపలి సందులోకి తిరిగితే మెడికల్ షాపు పైన, మొదటి అంతస్తులో ఉంటుంది ఈ సెంటర్. జూన్ నుంచి ఆగస్టు దాకా నా నడుం కోసం తొమ్మిది సార్లు వెళ్ళాను, మా అమ్మని ఒకసారి తీసుకెళ్ళాను. స్టార్లు నాలుగే ఇచ్చాను, ఐదోది ఎందుకు ఇవ్వలేదో చివర్లో రాస్తాను. రివ్యూ పొడుగైంది, ఏమీ అనుకోకండి. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరి మాట నమ్మాలో తెలియక నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని మొత్తం రాస్తున్నాను.

నేను టైలర్ని. లాయర్‌పేటలో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని పంతొమ్మిదేళ్ళుగా బ్లౌజులు, డ్రెస్సులు కుడుతున్నాను, వయసు 43. ఎండాకాలం పెళ్ళిళ్ళప్పుడు రోజుకి పది పన్నెండు గంటలు మిషన్ మీదే ఉంటాను, కత్తిరించడమంతా నేల మీద చాప పరుచుకుని. అలా ఒకరోజు స్టూలు మీద కూర్చునే, పక్కన కింద పడ్డ కత్తెర కోసం ఒంగి ఒళ్ళు తిప్పాను, నడుంలో కలుక్కుమంది, అంతే, మళ్ళీ నిటారుగా లేవలేకపోయాను. రెండో రోజుకి కుడి పిర్రలోంచి తొడ వెనకగా, పిక్క పక్కగా, కాలి బొటనవేలి దాకా లాగడం మొదలైంది. తుమ్మితే చాలు, కాల్లోకి కరెంటు కొట్టినట్టు ఉండేది. వేలి దగ్గర తిమ్మిరి.

అందరిలాగే ముందు ఇంటి వైద్యాలే చేశాను. ఆముదం రాసి కాపడం పెట్టారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో తన్నించుకుంటే నడుం పట్టు వదులుతుందని మా అత్తగారు అంటే పెద్దావిడ మాట కాదనలేక మా ఆడపడుచు కొడుకుతో తన్నించుకున్నాను. తగ్గలేదు. తర్వాత వేరే ఒక చోటికి వెళ్ళాను, ఆ పేరు రాయదలచుకోలేదు. స్కాన్ రిపోర్టు చూసి, డిస్కు బయటికొచ్చింది, వెన్నుపూస అరిగిపోయింది, ఇక మిషన్ పని మానేయండి అన్నారు. ఇరవై సిట్టింగులకి డబ్బులు ముందే కట్టించుకున్నారు. వెళ్ళగానే నడుముకి బెల్టు కట్టి లాగే మిషన్ మీద పడుకోబెట్టేవాళ్ళు, తర్వాత కరెంటు పెట్టేవాళ్ళు, అయిపోయిందమ్మా అనేవాళ్ళు. ఆరు సిట్టింగుల్లో ఒక్కరు కూడా నా వీపు మీద చెయ్యి వేసి చూడలేదు. నాకు నొప్పి కంటే "అరిగిపోయింది" అనే మాటే ఎక్కువ బాధ పెట్టింది. పని మానేస్తే ఇల్లెలా గడవాలి, పిల్ల ఇంటర్ ఫీజు ఎక్కడి నుంచి తేవాలి అని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఇక ఈ సెంటర్ సంగతి. మొదటి రోజు దాదాపు గంటసేపు కూర్చోబెట్టారు, ఒక్క మిషన్ కూడా పెట్టలేదు. ఫిజియో మేడం నాకంటే చాలా చిన్నది, "అక్కా" అని పిలుస్తూ ప్రశ్నలు అడిగింది. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, ఎప్పుడైనా పడ్డారా, యూరిన్ ఆపుకోవడంలో తేడా ఉందా, కూర్చునే చోట మొద్దుబారినట్టు ఉందా. చివరి రెండూ ఎందుకు అడుగుతోందో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకి ఎత్తింది, సగం కూడా లేవకముందే కాలంతా జివ్వుమంది. మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించింది. బొటనవేలిని పైకి ఎత్తమని తను కిందికి నొక్కింది. అదంతా అయ్యాక ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఇన్నేళ్ళు నా వీపులో ఏముందో నాకు తెలియదు, ఆ రోజే తెలిసింది.

పుట్టినప్పుడు వెన్నెముకలో 33 పూసలు ఉంటాయట. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుంలో 5. ఆ కింద 5 పూసలు పెద్దయ్యేసరికి కలిసిపోయి ఒకే ఎముకవుతాయి, అడుగున తోక ఎముకలో చిన్నవి 4. అంటే కదిలేవి పైన 24 మాత్రమే. పూసకీ పూసకీ మధ్య మెత్తలాంటి డిస్కులుంటాయి, మొత్తం 23. తలకీ మొదటి పూసకీ మధ్య, మొదటి పూసకీ రెండో పూసకీ మధ్య డిస్కు ఉండదు. డిస్కు మధ్యలో తాటిముంజ లోపలి గుజ్జులాంటి పదార్థం, ఎక్కువ భాగం నీళ్ళే. దాని చుట్టూ పొరలు పొరలుగా గట్టి నార. ఆ నార గురించి చెప్తున్నప్పుడే నేను బొమ్మ మీదికి వంగి చూశాను. ఒక పొరలో పోగులు ఏటవాలుగా ఒకవైపు పోతే, తర్వాతి పొరలో ఎదురువైపు పోతాయట. మాకిది బాగా తెలిసిన సంగతి. బట్టకి కింద లైనింగ్ ఎదురు క్రాస్‌లో వేస్తే ఎటు లాగినా ఏదో ఒక పొర పట్టుకుంటుంది. కానీ ఒళ్ళు ఒక పక్కకి మెలి తిప్పితే ఒక వరస పోగులు బిగుసుకుంటాయి, ఎదురు వరస వదులవుతుంది, అంటే బరువు మోసేవి సగమే. దానికి తోడు ముందుకి కూడా వంగితే లోపలి గుజ్జు వెనక్కి నెట్టుకొస్తుంది. "అక్కా, కత్తెర కోసం మీరు చేసింది అదే" అంది. ఒక్క కత్తెరతో వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి ఒంగి కుట్టడం వల్ల పోగులు అక్కడక్కడ ఎప్పుడో వీగి ఉంటాయి, ఆ రోజు బయటపడింది అని చెప్పింది.

వెన్నుపాము నడుం అడుగు దాకా రాదట, నడుం పూసల్లో మొదటిదీ రెండోదీ ఉన్న చోటే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి విడివిడి నరాలు గుర్రం తోకలా వేలాడుతూ ఒక్కో పూస దగ్గర అటొకటి ఇటొకటి బయటికి పోతాయి. మెడ నుంచి కింది దాకా లెక్కేస్తే అలాంటివి 31 జతలు. నడుం కింది భాగం నుంచీ, ఆ కింద కలిసిపోయిన ఎముక నుంచీ వచ్చే నరాలు కొన్ని కలిసి సయాటిక్ నరం అవుతుంది, ఒంట్లో అన్నిటికంటే లావైన నరం అదే. డిస్కు జారడం ఎక్కువగా చివరి రెండు చోట్లే, నడుం పూసల్లో నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య (ఎల్4-ఎల్5 అంటారు), ఐదోదానికీ ఆ కింద కలిసిపోయిన ఎముకకీ మధ్య (ఎల్5-ఎస్1). నాకు తిమ్మిరి బొటనవేలి వైపు ఉంది కాబట్టి ఎల్5 నరం మీద ఒత్తిడి పడుతోందని స్కాన్ కవరు తెరవకముందే చెప్పింది. రిపోర్టులోనూ అదే ఉంది.

"అరిగిపోయింది" అన్నారు కదా అని అడిగాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి అడుగుతుంటే. అప్పుడు చెప్పిన మాటకే నేను ఈ సెంటర్‌కి రుణపడి ఉన్నాను. నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్ల ఫలితాలు కలిపి 2015లో ఒక పరిశోధన వచ్చిందట. నలభై ఏళ్ళ వయసు వాళ్ళలో 68 శాతం మందికి డిస్కు అరుగుదల, సగం మందికి డిస్కు ఉబ్బు స్కాన్‌లో కనిపించాయి. వాళ్ళెవరికీ నొప్పి లేదు, హాయిగా పని చేసుకుంటున్నారు. తల నెరిసినట్టే ఇదీ, వయసుతో వచ్చే మార్పు. కాబట్టి స్కాన్ కాగితం ఒక్కటే చూసి మనిషికి ఇంత నొప్పి ఉంటుందని చెప్పలేం, పని మానేయమని అసలే చెప్పలేం. పైగా బయటికొచ్చిన గుజ్జుని ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది, చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది అంది. నిజంగా నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఇంకోటి కూడా ఒప్పుకుంది, అది నాకు నచ్చింది. నాకు కాల్లోకి పోయే నొప్పి ఉంది కాబట్టి ఏ నరమో తెలిసింది గానీ, నడుం నొప్పితో వచ్చే పది మందిలో తొమ్మిది మందికి ఫలానా చోటే కారణమని ఎవరూ వేలు పెట్టి చూపించలేరట. కండరాలు కావచ్చు, పూసల వెనక ఉండే చిన్న కీళ్ళు కావచ్చు, తుంటి ఎముక వెన్నుతో కలిసే కీలు కావచ్చు. కిడ్నీలో రాయి ఉన్నా నడుం పక్కనే నొప్పి వస్తుంది, దానికి ఎన్ని వ్యాయామాలు చేసినా లాభం లేదు.

వ్యాయామాల విషయానికొస్తే, నాకు బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం, తర్వాత అరచేతుల మీద లేపడం ఇచ్చారు. చేస్తుంటే కాలి నొప్పి పైకి జరిగి నడుంలోకి వస్తుంది, నడుంలో ఎక్కువైనా భయపడకండి, కాలు వదిలి నడుంలోకి రావడం మంచిదే అని ముందే చెప్పారు, అలాగే జరిగింది. ఆ మాట ముందే చెప్పకపోతే నేను రెండో రోజే మానేసేదాన్ని. నాలుగో వారం నుంచి పడుకుని నడుం పైకి ఎత్తడం, అరచేతులు, మోకాళ్ళు నేలకి ఆనించి ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం. రోజూ నడక. ఇది అందరికీ ఇచ్చేది కాదు, వెనక్కి వంగితే నొప్పి ఎక్కువయ్యేవాళ్ళకి వేరేవి ఇస్తున్నారు, పక్క మంచం మీది పెద్దాయనకి పూర్తిగా వేరే. కాబట్టి నేను రాసింది చూసి ఇంట్లో చేసేయకండి.

నా పని గురించి అడిగిన విధానం చూడాలి. మిషన్ మీద కూర్చున్నప్పుడు ఫోటో తీసి తెమ్మన్నారు, మా అమ్మాయి పక్క నుంచి తీసింది. 1999లో జర్మనీలో ఒక వ్యక్తి నడుం డిస్కులో సెన్సర్ పెట్టి ఒత్తిడి కొలిచారట. నిటారుగా నిలబడినప్పటితో పోలిస్తే నిలబడి ముందుకి వంగితే రెండింతలు దాటింది, వంగి 20 కిలోలు ఎత్తితే నాలుగింతలు దాటింది. ఒళ్ళు వదులుగా పెట్టుకుని కూర్చుంటే మాత్రం నిలబడినదానికంటే ఎక్కువ లేదు, కూర్చుని ముందుకి వంగితే బాగా పెరిగింది. అంటే కూర్చోవడం కాదు, గంటల తరబడి ఒంగి కూర్చోవడం నా సమస్య. మిషన్ బల్ల కాళ్ళ కింద చెక్కలు పెట్టి రెండున్నర అంగుళాలు ఎత్తించాను. నేల మీద కత్తిరించడం మానేసి పాత డైనింగ్ టేబుల్ మీద నిలబడి కత్తిరిస్తున్నాను. డిస్కుకి సొంతంగా రక్తనాళాలు ఉండవు, కదిలినప్పుడు నొక్కుకుని వదులుతూ చుట్టుపక్కల నుంచే ఆహారం తీసుకుంటుంది, అందుకే అరగంటకోసారి లేవాలట. ఒక బ్లౌజుకి చేతులు ఎక్కించగానే లేచి మంచినీళ్ళు తాగి వస్తాను, నాకు గడియారం అక్కర్లేదు.

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి ముగ్గు వేసే ఆడవాళ్ళందరికీ ఒక మాట. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున మనం సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పొడుగుంటాం. ఆ బిగువు మీద లేవగానే వంగితే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ. నేనిప్పుడు ముందు పాలు కాచి, కాఫీ తాగి, అటూ ఇటూ తిరిగి, గంట తర్వాత ముగ్గు వేస్తున్నాను.

బెల్టు గురించి అడిగితే, బస్సు ప్రయాణాలకి నాలుగు రోజులు కట్టుకోండి, తర్వాత తీసేయండి అన్నారు. ఎక్కువ కాలం నుంచి ఉన్న నడుం నొప్పికి బెల్టులు, లాగే మిషన్లు, అల్ట్రాసౌండ్, కరెంటు పెట్టడం మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, వ్యాయామం, మనిషికి వివరంగా చెప్పడం ముఖ్యమని ఉంది. నేను ముందు కట్టిన ఇరవై సిట్టింగుల డబ్బు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

ఇప్పుడు మా అమ్మ సంగతి. అమ్మది కనిగిరి వైపు ఊరు, వయసు 68. పదేళ్ళుగా వంగలేదు, మెడ తిరగదు, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూస్తుంది. వయసనుకున్నాం. నాకు తగ్గుతోంది కదా, ఆమెకీ తగ్గుతుందని ఆశపడి తీసుకెళ్ళాను. మేడం అమ్మ పళ్ళ మీది గోధుమరంగు చారలు చూసింది, "పెద్దమ్మా, మీదే ఊరు, చిన్నప్పటి నుంచి ఏ నీళ్ళు తాగారు" అని అడిగింది. వీపు మీద చేత్తో నెమ్మదిగా తడిమింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "అక్కా, ఇది ఫ్లోరైడ్ లాగుంది, దీన్ని నేను వదులు చేయలేను, గట్టిగా వంచితే ప్రమాదం కూడా, ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకి చూపించండి" అంది. ఫీజు తీసుకోలేదు. పది సిట్టింగులు రాసి ఉంటే నేను కట్టేసేదాన్ని, ఆ అమ్మాయి అలా చేయలేదు.

ఎక్స్‌రేలో పూసలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరి వాటిని మందం చేస్తుంది, పూసల్ని కలిపి ఉంచే పట్టీల్లో కూడా సున్నం పేరుకుని వెన్నంతా ఒకే కర్రలా బిగుసుకుపోతుంది. ముదిరితే లోపలి వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోవచ్చు. మన దేశంలో ఈ జబ్బు మనుషుల్లో ఉందని మొదట వైద్య పత్రికలో రాసింది 1937లో, నెల్లూరు జిల్లా గురించే. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అన్నేళ్ళ ముందే తెలిసిన జబ్బు, మా అమ్మ అప్పటికి పుట్టనే లేదు, అయినా అవే బోరు నీళ్ళు తాగి పెరిగింది. ఇది రాస్తుంటే కోపం వస్తోంది. మన నేల కింది రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది, బోరు ఎంత లోతుకి పోతే నీళ్ళు ఆ రాతిలో అంత ఎక్కువ కాలం నానినవి వస్తాయి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అమ్మ ఇన్నాళ్ళూ మంచిదని కాచి చల్లార్చి తాగేది. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఊళ్ళలో అమ్మానాన్నలు ఉన్నవాళ్ళు ఈ ఒక్క సంగతి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. బిగిసిన వెన్ను మళ్ళీ మామూలు కాదు, కానీ నీళ్ళు మారిస్తే ఇంకా పెరగకుండా ఉంటుంది, పిల్లలకి రాకుండా ఉంటుంది. అమ్మకి ఊపిరి బాగా తీసుకునే వ్యాయామం, భుజాలు కదిలించేవి రెండు నేర్పారు, పడిపోకుండా చూసుకోమన్నారు.

మొదటి రోజు అడిగిన ఆ రెండు ప్రశ్నల గురించి తర్వాత అడిగి తెలుసుకున్నాను. యూరిన్ రాకపోయినా, ఆపుకోలేకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం ఎత్తలేక ఈడ్చుకుపోతున్నా ఏ ఫిజియో దగ్గరికీ వెళ్ళకుండా ఆ రోజే, అర్ధరాత్రి అయినా సరే, పెద్దాసుపత్రికి వెళ్ళాలి, గుర్రం తోక నరాలన్నీ నలుగుతూ ఉండొచ్చు, ఆలస్యమైతే పోయిన పట్టు మళ్ళీ రాకపోవచ్చు. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, పడటం ఇవి ఉన్నా ముందు డాక్టరే.

ఫీజు మొదటి రోజు 500, తర్వాత 300. ముందే కట్టే ప్యాకేజీ లేదు, మూడో వారం తర్వాత వారానికి ఒకసారి వస్తే చాలన్నారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బాగా రద్దీ, మంచాలు మూడే, మధ్యలో పరదా సరిగ్గా మూయదు, ఆడవాళ్ళకి ఇబ్బందే. పొద్దున పదకొండింటికి వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా స్కాన్ ఫిల్ములు కూడా తీసుకెళ్ళండి. వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో ఇస్తున్నారు, నేను కొలతల పుస్తకంలో తెలుగులో రాసుకున్నాను, అడిగితే ఓపిగ్గా చెప్తారు గానీ తెలుగులో అచ్చు వేస్తే అందరికీ మేలు. నాకు కాలి నొప్పి ఏడో వారానికి పోయింది. వేలి దగ్గర తిమ్మిరి కొంచెం ఉంది, అది ఆలస్యంగా పోతుందన్నారు. రోజుకి ఏడు గంటలు కుడుతున్నాను.

ఐదో స్టారు మెట్ల వల్ల పోయింది. లిఫ్టు లేదు, పద్దెనిమిది మెట్లు, ఒక పక్క గోడ, రెండో పక్క పట్టుకోవడానికి ఏమీ లేదు. వచ్చేవాళ్ళంతా నడుమూ మోకాళ్ళూ నొప్పులున్నవాళ్ళే కదా. దిగేటప్పుడు అమ్మ మెడ వంచి కాలి కింద ఏముందో చూసుకోలేదు, నేను ముందు ఒక మెట్టు దిగి వెనక్కి తిరిగి, ఆమె పాదం పట్టుకుని కింది మెట్టు మీద పెడుతూ దింపాను. ఆ పద్దెనిమిది మెట్లకి ఒక ఇనుప కడ్డీ పెట్టించండి మేడం, పెట్టించిన రోజు ఈ రివ్యూ మార్చి ఐదు స్టార్లు ఇస్తాను.